బండల మధ్య గాలం వేసినా లైన్ తెగకుండా ఎలా చూసుకోవాలి

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ నీళ్ళలో గాలం వేసినా చేప కంటే ముందు బండ తగులుతుంది. గండిపేట, హిమాయత్ సాగర్ ఒడ్డున కనిపించే గుండ్లు నీళ్ళ అంచుతో ఆగిపోవు, లోపల కూడా అలాగే పరుచుకుని ఉంటాయి. ఊరి చెరువైతే కట్ట లోపలి వైపంతా రాతి పేర్పే. నాగార్జున సాగర్‌లోనైతే కొండవాలులే నీట మునిగి ఉన్నాయి. ఇలాంటి చోట కొర్రమీను కోసమో వాలుగ కోసమో వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి చెప్పే మాట ఎక్కువసార్లు ఒకటే: "పెద్దది పడింది, లైన్ తెంపుకుని పోయింది." చేప బలానికే తెగిందనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ లైన్ అంతకుముందే రాతికి రాసుకుని సగం బలం పోగొట్టుకుని ఉంటుంది. చేప లాగింది ఆఖరి లాగుడు మాత్రమే. అందుకే లైన్‌ను కాపాడుకునే పనిలో ముప్పావు వంతు గాలం నీళ్ళలో పడక ముందే అయిపోవాలి.

ఈ విషయం మీద వెతికితే యూరప్, అమెరికాల్లో దొరికే పైక్ చేప వీడియోలు కుప్పలుగా కనిపిస్తాయి. పైక్ నోటి నిండా పదునైన పళ్ళు, అందుకని అక్కడివాళ్ళు లైన్ చివర సన్నటి స్టీలు తీగ కడతారు. వాళ్ళను చూసి మన దగ్గరా కొందరు కడుతున్నారు. తీగ పళ్ళను ఆపుతుంది గానీ సందులో ఇరుక్కున్న సీసాన్ని, అంటే ఎరను అడుగుకు దించడానికి కట్టే బరువును, విడిపించదు. పైగా రాళ్ళ మధ్య ఒక్కసారి మెలిక పడిందంటే సన్న తీగ ఆ మెలిక దగ్గరే విరుగుతుంది. మన బండల మీద తీగ కంటే లావు నైలాన్ ఎక్కువ పనికొస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

ముందు రాయి సంగతి

మన చుట్టూ ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. అందులో ముఖ్యంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఎండకూ వానకూ ఫెల్డ్‌స్పార్ మెల్లగా మట్టిగా మారుతుంటే, క్వార్ట్జ్ గింజలు మాత్రం అరగకుండా పైకి పొడుచుకుని ఉంటాయి. గుండును చేత్తో తడిమితే గరుగ్గా తగిలేవి అవే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7, అంటే మామూలు కత్తి ఉక్కు కంటే ఎక్కువ. అలాంటి గింజల మీద బిగుసుకున్న నైలాన్ దారం రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరిగితే చాలు, గీతలు పడతాయి.

రాళ్ళన్నీ ఒకేలా ఇబ్బంది పెట్టవు. చెరువు కట్ట మీది పేర్పు రాళ్ళు కొట్టిన రాళ్ళు. అంచులు పదును, మధ్య సందులు సన్నం. సీసం వాటిలో పడితే మేకు దిగినట్టే. పరుపు బండ మీద ఏదీ ఇరుక్కోదు గానీ, అది నీళ్ళలోకి వంగే అంచు దగ్గర లైన్ కోసుకుంటుంది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న గుండ్లు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పడ్డ చేప నేరుగా వాటి కింది గుహల్లోకే దూరుతుంది. చేపలు ఎక్కువగా ఉండేది కూడా అక్కడే కాబట్టి వాటిని వదిలేయమని చెప్పలేను. వదిలేయాల్సినవి పాత క్వారీ గుంతలు. నిటారు గోడలు, లోతు తెలియని నీళ్ళు. జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

వేసవిలో వెళ్ళి చూడండి, వానల తర్వాత గాలం వేయండి

నా లెక్కలో ఇది అన్నిటికంటే విలువైన పని, దాదాపు ఎవరూ చేయని పని కూడా. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు కిందికి దిగినప్పుడు రాడ్ లేకుండా ఒక సాయంత్రం ఒడ్డున నడవండి. వానాకాలంలో మీరు గాలం వేసే చోటు అప్పుడు ఆరిపోయి కళ్ళముందే ఉంటుంది. ఏ గుండు ఎక్కడుంది, ఏ రెండింటి మధ్య మట్టి నేల ఉంది, పాత చెట్టు మొద్దులు ఎక్కడున్నాయి అన్నది ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఒడ్డున మారకుండా ఉండే గుర్తు ఒకటి ప్రతి ఫొటోలోనూ పడేలా చూడండి. చెట్టైనా, స్తంభమైనా, గుడి గోపురమైనా సరే.

దీనికి నీటి మట్టం లెక్క జోడించండి. సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఉస్మాన్ సాగర్ (గండిపేట) పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు, నాగార్జున సాగర్‌ది 590 అడుగులు. వానాకాలంలో రోజువారీ మట్టాలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. మీరు చూసిన రోజు ఉస్మాన్ సాగర్ మట్టం 1782 అడుగులు, ఒక గుండు నెత్తి సరిగ్గా నీళ్ళ అంచున ఉందనుకుందాం. వానల తర్వాత మట్టం 1788కి చేరితే ఆ గుండు మీద ఆరడుగుల నీళ్ళున్నట్టే. అప్పుడు ఎరను బెండు నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర వేలాడదీస్తే అది గుండు మీదుగా పోతుంది తప్ప తగలదు. అదే గుండు పక్కన దాక్కున్న చేపకు మాత్రం బాగా కనిపిస్తుంది.

చూడలేకపోయిన చోట ఒక పని చేయవచ్చు. గాలం లేకుండా సీసం ఒక్కటే సన్న దారంతో విసిరి మెల్లగా లాక్కోండి. మట్టి మీద అది మెత్తగా జారుతుంది. గులకరాళ్ళ మీద టకటకమంటూ రాడ్ కొనకు తెలుస్తుంది. ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ విడిపోతే అక్కడ గుండ్లున్నట్టు.

ఇంకొకటి. ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా అక్కడి మత్స్య సహకార సంఘానిది. వాళ్ళను అడక్కుండా గాలం వేయకండి. ఏ మూల రాళ్ళున్నాయో వాళ్ళకంటే బాగా చెప్పేవాళ్ళు కూడా లేరు. రోజూ వలలు చిరిగేది వాళ్ళవే. రిజర్వాయర్ల దగ్గర నిషేధం బోర్డు ఉంటే వెనక్కి రావడమే. మంజీరా అభయారణ్యం మొసళ్ళకు నెలవు, అక్కడ గాలం మాటే వద్దు.

లైన్ ఎంపిక

దుకాణంలో మీకు చూపించేవి మూడు రకాలు. నైలాన్‌తో చేసిన ఒంటి పోగు లైన్, అందరూ మోనో అంటారు. సన్నటి పోగులు అల్లిన బ్రెయిడ్. ఖరీదైన ఫ్లోరోకార్బన్.

బ్రెయిడ్ గురించి ఒక అపోహ బాగా పాకింది, అది తెగదని. లాగుడుకు తట్టుకునే బలం దానికి నిజంగానే ఎక్కువ. 50 పౌండ్ల బ్రెయిడ్ చూడటానికి సన్నటి కుట్టు దారంలా ఉంటుంది, దాదాపు సాగదు, చేప చిన్నగా ముట్టినా చేతికి తెలుస్తుంది. కానీ ఆ సన్నదనమే బండ దగ్గర దాని బలహీనత. విడివిడి పోగులు కదా, బిగుతుగా ఉన్నప్పుడు క్వార్ట్జ్ అంచు తగిలితే ఒక్కో పోగూ తెగుతూ పోయి, పైకి బాగానే కనిపిస్తూనే హఠాత్తుగా చేతికొస్తుంది. బ్రెయిడ్ నీళ్ళ మీద తేలుతుంది కూడా. గాలి తోలినప్పుడు అది పైన విల్లులా వంగి, నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన గుండ్లకు చుట్టుకుంటుంది.

నైలాన్ లావు ఎక్కువ, సాగుతుంది. రాయికి రాసుకున్నా పై పొర గీరుకుంటుంది గానీ వెంటనే తెగదు. గీతలు చేతికి తెలుస్తాయి కాబట్టి జాగ్రత్తపడే అవకాశం ఇస్తుంది. దాని లోపం నీళ్ళు పీల్చుకుని కొంత బలం తగ్గడం, ఎండకు పెళుసెక్కడం. ఫ్లోరోకార్బన్ నీళ్ళు పీల్చదు, ఎండకు అంతగా దెబ్బతినదు, నీళ్ళకంటే బాగా బరువు కాబట్టి త్వరగా మునుగుతుంది. అడుగున రాళ్ళున్నచోట త్వరగా మునగడం మంచిదేం కాదు. డబ్బు పెట్టగలిగితే కొనండి, లేకపోయినా నష్టమేమీ లేదు.

నేను సలహా ఇచ్చేది ఇది. రీల్ నిండా 50 పౌండ్ల బ్రెయిడ్, చివర రెండు మీటర్లు 40 పౌండ్ల నైలాన్ లీడర్, అంటే మెయిన్ లైన్‌కూ గాలానికీ మధ్య కట్టే ముక్క. ఇది కప్ప లూర్‌తో (కప్పలా కనిపించే రబ్బరు నకిలీ ఎరతో) కొర్రమీను కోసం. అడుగున ఎర వేసి వాలుగ కోసం కూర్చునేవాళ్ళకు బ్రెయిడ్ అవసరమే లేదు. రీల్ అంతా 25 పౌండ్ల నైలాన్ చుట్టి, చివర ఒకటిన్నర మీటరు 20 పౌండ్ల లీడర్ కడితే సరిపోతుంది. రెండింట్లోనూ లీడర్ బలం మెయిన్ లైన్ కంటే ఒక మెట్టు తక్కువ ఉండటం గమనించే ఉంటారు. చాలామంది తిరగేసి కడతారు. అలా కడితే ఇరుక్కున్నప్పుడు తెగేది పైన ఎక్కడో, అప్పుడు మీటర్ల కొద్దీ దారం నీళ్ళలో మిగిలిపోతుంది. లీడర్ బలహీనంగా ఉంటే గాలం ముడి దగ్గరే తెగుతుంది, పోయేది గాలం ఒక్కటే.

ముడి

బలమైన లైన్ అయినా ముడి దగ్గర బలం తగ్గుతుంది. గాలానికి పాలోమర్ ముడి కానీ యూని ముడి కానీ నేర్చుకోండి, రెండూ పది నిమిషాల పని. బ్రెయిడ్‌నీ లీడర్‌నీ కలపడానికి డబుల్ యూని తేలిక. ఎఫ్‌జీ ముడి ఇంకా సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి తగలకుండా జారిపోతుంది, కానీ ఒడ్డున గాలిలో, వణికే చేతులతో కట్టడం కష్టం. దాన్ని ఇంట్లోనే కట్టుకుని వెళ్ళండి. ఏ ముడి అయినా బిగించే ముందు తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడికక్కడే దెబ్బతింటుంది. బిగించాక తడి చేత్తోనే గట్టిగా లాగి చూడండి. తెగేదేదో అక్కడే తెగనివ్వండి.

సీసం పోనివ్వండి, చేపను కాదు

అడుగున ఇరుక్కునేది ముందుగా సీసమే. దాన్ని నేరుగా మెయిన్ లైన్ మీద వేస్తే అది ఇరుక్కున్న క్షణం నుంచి చేపా గాలమూ అన్నీ దాని చెప్పుచేతల్లోకి పోతాయి. బదులుగా మూడు కళ్ళ స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొక్కెం) ఒకటి తీసుకోండి. ఒక కంటికి మెయిన్ లైన్, రెండో కంటికి గాలం ఉన్న లీడర్, మూడో కంటికి జానెడు పొడవున 8 పౌండ్ల సన్న నైలాన్, దాని చివర బరువు. సందులో బరువు ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది, మిగతాదంతా మీ చేతికి వస్తుంది. గాలానికి చేప పడి ఉంటే చేపా వస్తుంది.

ఎలాగూ పోగొట్టుకోవడానికే కడుతున్నాం కాబట్టి ఆ బరువు సీసం కాకపోతే మంచిది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్ళు మన ఇంటి కుళాయిల్లోకి వచ్చేవి. సీసం విషం. పాత ఇనుప నట్లు, బోల్టులు కిలోల లెక్కన తుక్కు దుకాణంలో దొరుకుతాయి. ఇనుము సీసం కంటే తేలిక కాబట్టి ఒక సైజు పెద్దది కట్టుకోవాలి, అంతే తేడా. గుండ్రటి బరువుల కంటే సన్నగా పొడవుగా ఉండేవి సందుల్లోంచి సులువుగా బయటికొస్తాయి.

గాలం ఎంత విప్పుకుని ఉంటే అంత తగులుకుంటుంది. మూడు ముళ్ళ ట్రెబుల్ గాలాలు, పిండి ముద్ద చుట్టూ నాలుగైదు గాలాలు వేలాడే స్ప్రింగులు రాళ్ళున్నచోట వద్దు. ఒంటి గాలం చాలు. రబ్బరు పురుగు వాడితే గాలం మొన దాని ఒంట్లోనే దాగేలా టెక్సాస్ రిగ్ కట్టండి. కప్ప లూర్‌కు ముళ్ళు పైకి తిరిగి రబ్బరును ఆనుకునే ఉంటాయి, బండ మీదుగా లాగినా తగులుకోదు. కొర్రమీనుకు దాన్ని మించింది లేదు. బతికిన ఎర వేసేవాళ్ళకు జారుడు బెండు కట్టడం మంచిది. లైన్ మీద అనుకున్న లోతులో దారంతో చిన్న ముడి అడ్డు పెడితే బెండు అక్కడి దాకా జారి ఆగుతుంది, విసరడానికీ ఇబ్బంది ఉండదు.

డ్రాగ్ ఎంత బిగించాలి

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని జారనిచ్చే రీల్ బిగింపు. లైన్లో అన్నిటికంటే బలహీనమైన చోటు ఎంత తట్టుకుంటుందో అందులో పావు వంతు బిగించాలి. 20 పౌండ్ల లీడర్ అంటే సుమారు 9 కిలోలు, డ్రాగ్ రెండు, రెండుంపావు కిలోల దగ్గర జారాలి. చేత్తో లాగి అంచనా వేయకండి. సూట్‌కేసు తూచే చిన్న డిజిటల్ కాటాకు లైన్ కట్టి, రాడ్‌ను వంచి లాగి చూడండి. రాడ్ వంగినప్పుడు రింగుల రాపిడి కూడా కలుస్తుంది కాబట్టి రాడ్‌ను వంచకుండా లైన్ వైపే తిన్నగా పట్టుకుని కొలిస్తే లెక్క తప్పుతుంది. గుండ్ల మధ్య కొర్రమీను కోసం 40 పౌండ్ల లీడర్‌తో వెళ్ళినప్పుడు మూడు, నాలుగు కిలోల దాకా బిగించుకోవచ్చు, ఎందుకంటే అక్కడ మొదటి రెండు మీటర్లలోనే చేపను ఆపాలి.

నిలబడే చోటు

లైన్ బండ అంచు మీదుగా కిందికి వంగి నీళ్ళలోకి పోతోందంటే మీరు తప్పు చోట ఉన్నట్టే. అంచు దాటి ముందుకు, లేదా ఎత్తుగా ఉన్న చోటికి మారండి. జరగడానికి వీల్లేకపోతే రాడ్ కొన అంచు దాటేలా పట్టుకోండి. రాడ్ కింద పెట్టి కూర్చునేవాళ్ళు పొడవాటి పంగల కర్ర తెచ్చుకుని దాని మీద ఎత్తుగా ఆన్చండి. లైన్ రాతి మీద ఆనుకుని ఉంటే, చేప రాకపోయినా చిన్న అలలే గంటలో దాన్ని గీరిపెడతాయి.

ఎర నీళ్ళలో పడగానే లైన్ బిగించండి, వదులుగా వదిలితే అది సందుల్లోకి దిగుతుంది. వెనక్కి తీసేటప్పుడు రాడ్ పైకెత్తి, మొదటి నాలుగైదు చుట్లు వేగంగా తిప్పితే బరువు అడుగు వదిలి పైకి లేస్తుంది.

వానాకాలంలో గేట్ల కింది బండల మీద నిలబడకండి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే దిగువన మూసీ ఎంత త్వరగా పెరుగుతుందో నగరవాసులకు తెలియనిది కాదు. సైరన్ వినిపిస్తే సామాను వదిలేసి పైకి రండి.

చేప పడ్డాక

పడగానే దాని మొదటి ప్రయత్నం ఇంటికి, అంటే గుండు కిందికి. ఆ రెండు మూడు క్షణాలు రాడ్ ఎత్తుగా పట్టి, తల పైకి తిప్పేలా ఆపండి. ఆ తర్వాత తొందర వద్దు. చేప పక్కకు పోతుంటే మీరూ ఒడ్డున అటే నడవండి, లైన్‌కూ దానికీ మధ్య గుండు రాకుండా.

అయినా దూరిపోతే లాగకండి. లాగితే లైన్ అంచుకు కోసుకుంటుంది, చేప ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. లైన్ పూర్తిగా వదులు చేసి ఆగండి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన మన కొర్రమీనుకు ఒక గుణముంది: మొప్పలతో మాత్రమే బతకలేదు, గాలి పీల్చడానికి నీళ్ళ పైకి రావాల్సిందే. లాగుడు ఆగిందని తోచగానే అది చాలాసార్లు దానంతటదే బయటికొస్తుంది. లైన్ కదలడం కనిపించాక బిగించండి. వాలుగకు ఈ గుణం లేదు, అయినా వదులు చేసి ఆగడం దానికీ పనిచేస్తుంది.

ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీళ్ళ మీద కనిపిస్తే ఆ చుట్టుపక్కల గాలం వేయకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అప్పుడు దేన్నైనా కొడతాయి. వాటిని పట్టుకుంటే పిల్లల గుంపంతా వేరే చేపలకు మేతవుతుంది.

ఇరుక్కుంటే

మొదట చేయాల్సిన పని లాగడం ఆపడం. తర్వాత వదులు చేసి రాడ్ కొనను చిన్నగా వణికించండి; బరువు తన బరువుతోనే సందులోంచి జారవచ్చు. కాకపోతే ఒడ్డున పదిహేను ఇరవై అడుగులు పక్కకు నడిచి అటునుంచి లాగండి. ఏ దిక్కు నుంచి దూరిందో ఆ దిక్కుకే తిరిగి రావాలి కాబట్టి ఎక్కువసార్లు ఇక్కడే పని అయిపోతుంది. అదీ కాకపోతే లైన్ బిగించి, రీల్‌కూ మొదటి రింగుకూ మధ్య దారాన్ని వేళ్ళతో విల్లు నారిలా లాగి ఠక్కున వదలండి. నాలుగైదుసార్లు చేయండి. నిటారుగా కింద ఇరుక్కున్న లూర్‌ను విడిపించడానికి బరువైన ఇనుప రింగు ఒకటి వేరే తాడుకు కట్టి, లైన్ మీదుగా జార్చి కొట్టవచ్చు.

తెంచక తప్పకపోతే రాడ్‌తో తెంచకండి, అది విరుగుతుంది. రాడ్ కొనను లైన్ వైపే తిప్పి, దారాన్ని ఒక కర్ర ముక్కకు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని మెల్లగా వెనక్కి నడవండి. చేతికి మాత్రం చుట్టుకోకండి, బ్రెయిడ్ వేలిని లోతుగా కోసేస్తుంది. బరువు ఒక్కసారిగా విడిపోతే నేరుగా మీ వైపే ఎగిరొస్తుంది, కళ్ళకు అద్దాలు ఉండాలి.

ప్రతిసారీ తడిమి చూడండి

ఇరుక్కుని విడిపించిన ప్రతిసారీ, చేప పడ్డ ప్రతిసారీ చివరి రెండు మీటర్లు బొటనవేలు, చూపుడువేలి గోళ్ళ మధ్యగా లాగండి. ఎక్కడ గరుగ్గా తగిలినా, తెల్లటి మచ్చ కనిపించినా ఆ పైన ఒక జానెడు కలిపి కోసేసి కొత్త ముడి వేయండి. చేపలు బాగా పడుతున్న వేళ ఈ పనికి మనసొప్పదు. కానీ పెద్ద చేప వచ్చేది అప్పుడే.

ఇంటికి వచ్చాక రాడ్ రింగుల్లోంచి దూది తిప్పి చూడండి; పోగులు తగులుకుంటే ఆ రింగు లోపల పగులుంది, బండ చేసే పనే అదీ చేస్తుంది. రీల్‌ను కారు డిక్కీలో వదలకండి, మే నెల వేడికీ బాల్కనీ ఎండకూ నైలాన్ పాడవుతుంది. కొత్త లైన్ చుట్టిన తేదీ రీల్ మీద టేపు ముక్క అంటించి రాయండి.

కోసేసిన ముక్కల కోసం సంచిలో ఒక మూత డబ్బా ఉంచుకోండి. నైలాన్ ఏళ్ళ తరబడి కుళ్ళదు, మన చెరువుల మీద వాలే కొంగలు, గూడబాతుల కాళ్ళకూ ముక్కులకూ చుట్టుకుంటుంది. ఒడ్డున వేరేవాళ్ళు వదిలిన దారం కనిపించినా ఆ డబ్బాలోనే వేసుకోండి. ఇంటికొచ్చాక కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి చెత్తలో పడేయండి.